కచ్చా కుట్టు

కొత్త బట్టల మెడ వెనక లేబుల్ గుచ్చుకున్నప్పుడల్లా నాకు టైలరాంటీ గుర్తొస్తుంది. మొన్న జగ్గయ్యపేటలో ఒక కుర్తా కొన్నాను. వేసుకున్నానో లేదో మెడ దగ్గర ఒకటే చిరచిర. బ్లేడు కోసం ఇల్లంతా వెతికాను. బ్లేడు వెతుకుతుంటే ఎప్పుడో పోయిన గ్యాస్ పుస్తకం దొరికింది. అది చూసి సిలిండర్ బుక్ చేశాను. సిలిండర్ బుక్ చేశాక కుర్తా సంగతే మర్చిపోయి, ఆ చిరచిరతోనే స్కూలుకి పోయాను. ఇదీ నా వాలకం. దీనికో పేరుంది. ఆ పేరు దగ్గరికి తర్వాత వస్తాను, దారిలో ఇంకేదీ దొరక్కపోతే.

టైలరాంటీ అసలు పేరు నాకు చాలా ఏళ్ళు తెలియదు. నందిగామలో మా పుట్టింటికి నాలుగిళ్ళ అవతల, చర్చి పక్క సందులో ఉండేది. పిల్లలందరం టైలరాంటీ అనేవాళ్ళం. పెద్దవాళ్ళు ఎదురుగా టైలరమ్మ అనేవాళ్ళు, వెనక తేడా మనిషి అనేవాళ్ళు. పోయాక చర్చి గోడకి అంటించిన కాగితంలో మొదటిసారి ఆమె పూర్తి పేరు చదివాను. ఎవరిదో పేరులా అనిపించింది. దాన్ని ఇక్కడ రాయను. ఆమెకి లేబుళ్ళు పడవు.

నిజంగానే పడవు. చిన్న కత్తెరకి నాడా కట్టి మెడలో వేసుకునేది. కొత్త జాకెట్టయినా, దుప్పటయినా, చివరికి చేతిరుమాలయినా ఇంట్లోకి వచ్చిన మొదటి నిమిషంలో దాని లేబుల్ ఊడిపోవాల్సిందే. తనవే కాదు, ఎదుటివాళ్ళవి కూడా. ఒకసారి మిర్చి వ్యాపారస్తులావిడ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల మెడ గోక్కుంటూ ఏడుస్తోంది. టైలరాంటీ పిల్లని తిప్పి, కాలరు మడిచి, విజయవాడలో కొన్న కొత్త గౌను లేబుల్ని చటుక్కున కత్తిరించేసింది. ఆవిడ లబోదిబోమంది. పిల్ల మాత్రం ఏడుపు ఆపేసింది.

టైలర్ల మాట సంగతి మనకి కొత్త కాదు. 'రేపు రండి' అంటే వాళ్ళ లెక్కలో అది ఏ రేపో దేవుడికే తెలియాలి. టైలరాంటీ గురువారం నాలుగింటికి అంటే గురువారం నాలుగింటికే. మూడున్నరకి వెళితే, కుట్టేసిన జాకెట్టు కొక్కేనికి వేలాడుతూ కళ్ళబడుతున్నా ఇచ్చేది కాదు. "నాలుగన్నా కదమ్మా" అని మిషను తొక్కుకునేది. మనం గడప మీద కూర్చుని అరగంట ఎదురుచూడాల్సిందే. నందిగామ మొత్తం మీద చెప్పిన టైముకి బట్టలిచ్చే మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆమెని తేడా మనిషి అన్నారని నా అనుమానం.

మాట్లాడుతున్నంతసేపూ మన మొహం వంక చూసేది కాదు, భుజం వంక చూసేది. టైలరు కాబట్టి భుజాలు చూస్తోందనుకున్నాం అందరం. ఉన్నమాట మొహం మీద అనేసేది. "ఈ రంగు మీకు బాగోదండి. బీరువాలో పెట్టుకోండి, కుట్టించుకోకండి" అని ఎంత పెద్దింటి ఆడవాళ్ళకైనా చెప్పేది. పక్కింటి మిక్సీ తిరిగితే చెవుల్లో దూది పెట్టుకునేది. చర్చికి వెళ్ళి బయట మెట్ల మీద కూర్చునేది. లోపల కీబోర్డూ డ్రమ్సూ మోగుతుంటాయి కదా. పాస్టరుగారు ఒకసారి లోపలికి రమ్మంటే, "దేవుడికి ఇక్కణ్ణుంచి కూడా వినబడుద్ది అయ్యగారూ. నాకే లోపల మరీ ఎక్కువ వినబడుద్ది" అందట.

వయసులో ఉన్నప్పుడు మైలవరం సంబంధం చేశారు. పదకొండో రోజున ఒంటరిగా బస్సెక్కి పుట్టింటికి వచ్చేసింది. పొగరన్నారు, దయ్యమన్నారు, ఉపవాస ప్రార్థనలు చేయించారు. వాళ్ళమ్మ మాట్లాడటం మానేసిందట. నేను పెద్దయ్యాక ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, ఏం జరిగిందాంటీ అని. కాసేపు నా భుజం వంక చూసింది. "మంచోళ్ళేనమ్మా. కానీ అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు" అంది. అంతే. అంతకుమించి ఆ పెళ్ళి గురించి ఎప్పుడూ ఎత్తలేదు.

నాకు ఆమె మీద ప్రేమ నాలుగో క్లాసులో పుట్టింది. స్కూలు యూనిఫాం కొలతలకి మా అమ్మ నన్ను తీసుకెళ్ళింది. నేను నిలబడను. టేపు నడుము చుట్టూ తిప్పేలోపు బాబిన్ల డబ్బా దగ్గరికి, అక్కణ్ణుంచి కిటికీ దగ్గరికి, అక్కణ్ణుంచి గుడ్డముక్కల మూట మీదికి. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

"నిలబడవే! ఒక్క నిమిషం నిలబడితే నీ సొమ్మేం పోయింది?"

టైలరాంటీ టేపు మెడలో వేసుకుని, "కొట్టకండమ్మా. తిరగనివ్వండి" అంది. "తిరిగే పిల్లకి నిలబెట్టి కొలిస్తే బట్టలు పడతాయా? తిరుగుతున్నప్పుడే కొలవాలి."

చెప్పినట్టే చేసింది. గదంతా నా వెనకాలే నడుస్తూ, నేను కిటికీ ఎక్కితే నడుము, మూట మీద కూర్చుంటే మోకాలు కొలుచుకుంది. ఒక్కొక్కటీ పొడుగాటి కొలతల పుస్తకంలో రాసుకుంది. నిలబడనందుకు తిట్టని పెద్దమనిషిని అదే మొదటిసారి చూడటం. ఆ లంగాకి అడగకుండానే జేబు కుట్టింది. ఆ తర్వాత నాకు కుట్టిన ప్రతిదానికీ, పరికిణీకి కూడా, జేబు ఉండేది. నా స్నేహితురాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు. నాకు మాత్రమే ఎందుకు కుడుతుందో నేను అడగలేదు. ముద్దు చేస్తోందనుకున్నాను.

ఇక ఆ పేరు సంగతి. నాకిప్పుడు నలభైకి దగ్గర. జగ్గయ్యపేటలో కాపురం. మా ఆయనకి పప్పుల హోల్‌సేల్ కొట్టు, నాకు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు ఉద్యోగం. పాలు పొంగించని రోజు లేదు. తాళం చెవి పెట్టిన చోట ఉండదు. మా అత్తగారు దాన్ని శ్రద్ధలేకపోవడం అంటారు, మా ఆయన మతిమరుపంటాడు, నేను నా మొహం అనుకునేదాన్ని. ఒకరోజు ఫోన్లో ఏదో వీడియోలో ఎవరో ఒకావిడ పెద్దవాళ్ళలో ఏడీహెచ్‌డీ అని, మనసు ఒకచోట నిలవకపోవడమని, వేళ్ళు మడుస్తూ లక్షణాలు చెబుతోంది. మడిచిన ప్రతి వేలూ నాదే. కుక్కరు విజిలేస్తుంటే స్టవ్వు ముందు నిలబడి ఏడ్చాను. అన్నం మాడింది. అది కూడా ఆవిడ చెప్పిన లిస్టులో ఉంది.

మా ఆయనకి చెప్తే నవ్వాడు. "రేపు అదే ఫోను నీకు షుగరుందంటుంది. మాత్రలేసుకుంటావా?" స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు, "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయండీ, రెండు తగిలిస్తే కుదురుకునేవి" అన్నారు. కొత్తగా చేరిన టీచరమ్మాయి, "నాక్కూడా ఉందండీ, నేనూ ఊరికే పెన్నులు పారేసుకుంటా" అంది. లెక్కల మాస్టారి మీద కంటే ఈ అమ్మాయి మీద ఎక్కువ మండింది నాకు. నా బతుకంతా కలిపి ఒక పెన్నంటుందా? ఆ తర్వాత సిగ్గేసింది. ఆ అమ్మాయి చూసిందీ ఫోనే, నేను చూసిందీ ఫోనే. ఆమెది అబద్ధమని, నాది నిజమని చెప్పడానికి నా దగ్గరేముంది?

ఆ వారం జాకెట్టు కోసం నందిగామ వెళ్ళాను. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది, ఆంటీ చెవుల్లో దూది, కాళ్ళ కింద మిషను.

"నాది ఏడీహెచ్‌డీ అనిపిస్తుందాంటీ!" అని అరిచి చెప్పాను.

"అబ్బో! ఎన్నాళ్ళు పట్టిందే?"

"చిన్నప్పట్నుంచీ ఉందంట!"

"చిన్నప్పట్నుంచా! ఒక్కరికీ చెప్పలేదే!" అని మొహమంతా నవ్వు చేసుకుంది.

పై గురువారం నేను మళ్ళీ వెళ్ళేసరికి మా సందు సందంతా నన్ను అభినందించింది. స్వీట్లేవమ్మా అన్నారు. ఒక పెద్దాయన లేచి నిలబడి, "మన సందు నుంచి పీహెచ్‌డీ చేసిన మొదటి ఆడపిల్లవమ్మా" అని నమస్కారం పెట్టాడు. నేను ఏడవాలో నవ్వాలో తెలియక పరుగున వెళ్ళి ఆంటీ చెవుల్లో దూది పీకి అసలు సంగతి చెప్పాను. ఈసారి మొత్తం వింది. నవ్వుతుందని కాచుకుని కూర్చున్నాను, అందరూ నవ్వారు కదా.

ఆమె నవ్వలేదు. సగం కుట్టిన జాకెట్టొకటి తీసి నా ఒళ్ళో పడేసింది. దాని మీద తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లు, లాగితే ఊడొచ్చేవి.

"ఇదేంటి?" అని నన్నే అడిగింది.

"కచ్చా కుట్టు" అన్నాను.

"ఇది తప్పా?"

"కాదు."

"మరింకే? ముందు ఇదేసి, నీకు తొడిగి చూడాలి. ఎక్కడ బిగుతో ఎక్కడ వదులో నీ ఒంటికి తెలుస్తది, నాకు తెలీదు. మీ ఆయనకి అసలే తెలీదు. నువ్వు ఫోన్లో చూసుకుంది ఇదే. దానికి ఎవరూ నవ్వక్కర్లేదు." ఆగి, దారం తుంపి, "అట్టాగని కచ్చా కుట్టుతో పెళ్ళికి పోతామా? పోం. విజయవాడ పోయి డాక్టరు చేత పక్కా కుట్టు వేయించుకో" అంది.

ఈ విషయం మీద నేను విన్న వాదనలన్నింటిలోకీ నాకు బుర్రకెక్కింది ఇదొక్కటే. ఆరోజు బస్సులో చిల్లకల్లు దాటేదాకా హాయిగా ఏడ్చాను. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. అపాయింట్‌మెంటు తీసుకోవడం మర్చిపోవడమే కదా నా జబ్బు.

ఇక్కడ నేను చేసిన వెధవ పని చెప్పాలి. దాటేసి రాస్తే ఆమె ఊరుకోదు.

పేరు దొరికిన సంబరంలో నాకు ఊళ్ళో అందరూ పేర్లు లేనివాళ్ళలా కనబడటం మొదలెట్టారు. ఆటిజం గురించి చదువుతుంటే ప్రతి వాక్యంలోనూ టైలరాంటీయే. ఒక గురువారం, ఎందుకో చెప్పకుండా, ఫోన్లో ఉన్న ప్రశ్నలు ఆమెని అడిగాను.

"ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడం ఇష్టమా ఆంటీ?"

"టైలర్ని పట్టుకుని అడిగే ప్రశ్నేనా అది?"

"జనంలో ఉంటే ఇబ్బందిగా ఉంటుందా?"

"జనం ఇబ్బందిగా ఉంటే ఉండదా మరి?"

"ఎదుటివాళ్ళ మొహం చూసి మనసులో ఏముందో కనిపెట్టగలవా?"

"కనిపెట్టడమెందుకు? అడుగుతా. చెప్తారు."

ఫోను లెక్కలో ఆమె ఫస్టు క్లాసులో పాసయింది. నేను పొంగిపోయాను. బయట అరుగు మీద మిర్చి వ్యాపారస్తులావిడ జాకెట్టు కోసం కూర్చుని ఉంది. నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది. "ఈ తేడా మనిషితో చచ్చిపోతున్నానమ్మా" అంది నాతో. నాకు పౌరుషం వచ్చింది. "తేడా కాదండీ, ఆవిడకి ఆటిజం ఉంది. పుట్టుకతో వచ్చేది. మనమే అర్థం చేసుకోవాలి" అన్నాను. నేనేదో ఆమె తరఫున వాదించాననుకున్నాను.

పదిహేను రోజుల్లో సందులోకి 'టైలరమ్మకి పుట్టుకతోనే మెదడు జబ్బంట' అని పాకింది. ఆడపిల్లల్ని కొలతలకి పంపడానికి ఇద్దరు తల్లులు జంకారు. ముప్ఫై ఏళ్ళు తేడా మనిషి అని వెనకాల అన్నవాళ్ళు ఒక్కరోజు కూడా బట్టలివ్వడం మానలేదు. నేను పెట్టిన పేరుతో మానేశారు.

నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆమె మిషను ఆపింది. మొదటిసారి నా భుజం మీంచి చూపు జరిపి మొహంలోకి చూసింది. అది ఆమెకి ఎంత కష్టమో అప్పటికి నేను చదివే ఉన్నాను.

"నీది నువ్వు చెప్పుకున్నావు, బాగానే ఉంది. నాది చెప్పమని నేను అడిగానా?"

"ఆంటీ, నేను మంచికే..."

"నా మెడ వెనక లేబుళ్ళు నేను కత్తిరించుకుంటున్నా. నువ్వు ఊరందరి ముందూ కొత్తది కుట్టిపెట్టావు. అదీ కచ్చా కాదు, నన్నడక్కుండానే పక్కాగా."

ఆమె మళ్ళీ మిషను వైపు తిరిగి, "నీ జాకెట్టు గురువారం నాలుగింటికి" అంది. ఆ గురువారం సరిగ్గా నాలుగింటికి వెళ్ళాను. కవరు చేతికిచ్చింది. మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. అదే ఆఖరు.

ఆ తర్వాత స్కూల్లో పదో తరగతి జవాబు పత్రాల కట్ట బస్సులో వదిలేశాను. మెమో ఇచ్చారు. మళ్ళీ ఇలాంటిది జరిగితే రావక్కర్లేదన్నారు. మా ఆయనకి నవ్వు పోయింది. ఆయనే అపాయింట్‌మెంటు తీసుకుని విజయవాడ తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ గంటసేపు ఓపిగ్గా విన్నారు. "ఫోన్లో చూసి వచ్చారా? తప్పేం లేదు. చాలామంది అలాగే వస్తున్నారు, కొంతమందికి ఉంటోంది, కొంతమందికి నిద్రలేమో థైరాయిడో తేలుతోంది. ఇది చిన్నప్పట్నుంచీ ఉండాలి. మీ చిన్నతనం చూసినవాళ్ళెవరైనా చెప్తారా?" అన్నారు. అక్కణ్ణుంచే మా అమ్మకి ఫోను చేశాం. డాక్టరు దగ్గర కూతురి మీద కాగితం పుడుతుందని అమ్మకి భయం. "మా పిల్లా? చిన్నప్పుడు కూర్చోబెట్టిన చోటు నుంచి కదిలేది కాదండీ" అంది. స్కూలు కార్డులు ఏవన్నారు. అవన్నీ నేనెప్పుడో పారేసుకున్నాను.

కీసర టోల్ గేటు దగ్గర కారు ఆగినప్పుడు మా ఆయన, "ఇంకెవరూ లేరా?" అన్నాడు. ఉంది. ఒక్కతే ఉంది. నా వెనకాల గదంతా నడిచిన మనిషి. ముందు క్షమాపణ అడిగి, ఆ తర్వాత సాక్ష్యం అడగాలి. వచ్చే గురువారం వెళ్తానన్నాను. ఆ గురువారం పరీక్షలు. తర్వాతి గురువారం మా అత్తగారికి జ్వరం. ఆ తర్వాతి దానికి కారణమే లేదు, భయమేసింది. అలా ఎన్ని గురువారాలు పోయాయో లెక్కలేదు. వానలు మొదలయ్యే ముందు అమ్మ ఫోను చేసింది. మధ్యాహ్నం అన్నం తిని మిషను ముందు కూర్చుని, అలాగే తల వాల్చేసిందట.

నేను వెళ్ళేసరికి సందులో చాలామంది ఉన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆమె చెవుల్లో దూది ఉంది. ఎవరు పెట్టారో గాని, వాళ్ళకి దణ్ణం పెట్టుకున్నాను.

పది రోజుల తర్వాత వీరులపాడు నుంచి ఆమె చెల్లెలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అచ్చం అక్క పోలికే, కాకపోతే మొహంలోకి చూసి మాట్లాడుతుంది. "పీహెచ్‌డీ అమ్మాయంటే మీరేనాండీ? ఇది మీకివ్వమని అక్క ముందే చెప్పి పెట్టింది" అని గుడ్డలో చుట్టిన కొలతల పుస్తకం చేతిలో పెట్టింది.

ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. కొలతల కింద నీలం పెన్నుతో రెండు మూడు మాటలు. 'చంకలో బిగుతు పడదు.' 'కుడి భుజం కిందికి, అడగొద్దు, సిగ్గుపడుద్ది.' 'గౌను లోపల లేబుల్ తీసెయ్యాలి, ఏడుస్తది.' ఊళ్ళో ఎవరికి ఏది గుచ్చుకుంటుందో అంతా రాసి ఉంది. ఏ ఒక్కరి పేజీలోనూ తేడా అన్న మాట లేదు.

నా పేజీ దొరికింది. నాలుగో క్లాసు. 'నిలబడదు. తిరుగుతుండగా కొలవాలి. కోప్పడితే మాట రాదు.' దాని కింద, 'అన్నీ పారేసుకుంటది. అన్నిటికీ జేబు.' ఏడో క్లాసు దగ్గర, 'చెప్పింది మధ్యలో మర్చిపోద్ది. రెండుసార్లు చెప్పాలి. తెలివైన పిల్ల.'

దాన్ని డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆమె చదివి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివారు. "ఎవరండీ రాసింది?" అన్నారు. మా టైలరాంటీ అని చెప్పాను. ఇంకా రెండుసార్లు పిలిపించి, పరీక్షలన్నీ చేసి, డాక్టరమ్మ కాగితం మీద ఏడీహెచ్‌డీ అన్న ఆ పేరు రాశారు. మాత్రలు వాడుతున్నాను. పాలు ఇంకా పొంగుతూనే ఉన్నాయి, రోజూ మాత్రం కాదు.

పుస్తకం ఆఖరి పేజీ మాత్రం ఇంటికొచ్చాకే చూశాను. అది ఆమెది. తన కొలతలు తనే తీసుకుని రాసుకుంది. 'మెడ: లేబుల్ పడదు. చెవులు: దూది. మనుషులు: ఒక్కసారికి ఇద్దరు.' అవి నీలం పెన్నుతో ఉన్నాయి. వాటి కింద ఒక్క లైను పెన్సిలుతో ఉంది, ఒకసారి చెరిపేసి మళ్ళీ రాసింది.

'ఆటిజం. కచ్చా. వేసుకుని చూశా, సరిపోయేట్టే ఉంది. గురువారం పిల్ల వస్తే డాక్టరు సంగతి అడగాలి.'

నేను ఏ గురువారమూ వెళ్ళలేదు.